ఆ తోక ఎందుకు ఊగుతోంది?

బడ్జీకి ఒంట్లో బాగోలేదని ఇంట్లోవాళ్లకు తెలిసేది చాలావరకు చివర్లోనే. ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్లు అరమూసుకుని, పంజరం అడుగున ఓ మూల ఒదిగి కూర్చున్నాక గానీ గాభరా పుట్టదు. అప్పుడు అట్టపెట్టెలో పెట్టుకుని ఆసుపత్రికి పరుగు. అక్కడ డాక్టరు అడగకముందే చెప్పే మాట దాదాపు ఒకటే: ‘‘నిన్నటిదాకా బాగానే ఉందండీ, డాక్టరు గారూ!’’

అబద్ధమేమీ కాదు. నిన్నటిదాకా బాగున్నట్టే కనిపించి ఉంటుంది. ఈ పిట్ట సొంత ఊరు ఆస్ట్రేలియా నడిమధ్యలోని ఎండు మైదానాలు. అక్కడ వేలకొద్దీ బడ్జీలు గుంపుగా ఎగురుతాయి, డేగ చూపు ఎప్పుడూ కాస్త వెనకబడ్డ దాని మీదే పడుతుంది. నీరసాన్ని బయటపెట్టిన పిట్ట బతకదు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త ప్రాణాలతో ఉన్న బడ్జీలను ఇంగ్లండుకు తీసుకెళ్లాడు. అడవిలో ఉన్న ఆకుపచ్చ, పసుపు రంగులే కాకుండా మనుషుల పెంపకంలో నీలం, తెలుపు, బూడిద ఇలా ఎన్నో రంగులొచ్చాయి. హైదరాబాద్ పాతబస్తీ ముర్గీ చౌక్ మొదలుకొని చిన్న పట్టణాల అక్వేరియం షాపుల దాకా ‘లవ్‌బర్డ్స్’ అని జతల లెక్కన అమ్మేది ఎక్కువగా వీటినే. రంగులు మారాయి గానీ జబ్బును దాచుకునే గుణం పోలేదు. ఆకలి చచ్చిపోయిన పిట్ట కూడా గిన్నె దగ్గర కూర్చుని గింజలు ఒలుస్తూనే ఉంటుంది. మింగదంతే. పైనుంచి చూస్తే గిన్నె నిండా పొట్టు, తిన్నట్టే ఉంటుంది.

అది దాచలేనిది తోక. హాయిగా కూర్చున్న బడ్జీ తోక దాదాపు కదలదు. ఊపిరి భారమైతే ప్రతి శ్వాసకూ తోక పైకీ కిందకీ ఊగుతుంది, లయ తప్పకుండా. గాలి లోపలికి లాగడానికి ఛాతీ కండరాలు చాలక పొట్ట కండరాలు కూడా కష్టపడుతున్నాయన్నమాట. ఇది కనిపించిందంటే జబ్బు నిన్న మొన్నటిది కాదు. పంజరానికి నాలుగడుగుల దూరంలో, దాని వైపు నేరుగా చూడకుండా రెండు నిమిషాలు కూర్చుంటే చాలు. మనిషి ఎదురుగా నిలబడి తేరిపార చూస్తే అది సర్దుకుని, ఉషారుగా ఉన్నట్టు నటిస్తుంది.

తోకతోపాటు చూడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ముక్కు తెరిచే ఉందా? రెక్కలు ఒంటికి అంటుకోకుండా కాస్త ఎడంగా ఉన్నాయా? ముక్కు రంధ్రాల పైనున్న చిన్న ఈకలు తడిసి అట్టకట్టాయా? రాత్రి దీపాలార్పాక ‘టిక్ టిక్’ అనో సన్నగా ఈల వేసినట్టో చప్పుడు వస్తోందా? పొద్దున్నే ఊరంతా లేపే పిట్ట మూగబోయిందా, గొంతు మారిందా? మెడ చాచి, ముక్కును పంజరం ఊచకు తగిలించి నిద్రపోతోందా? ఈ చివరిది చాలామందికి ముద్దుగా అనిపిస్తుంది, ఫొటోలు తీస్తారు. శ్వాసనాళాన్ని నిటారుగా ఉంచుకుంటే గాలి కాస్త సులువుగా ఆడుతుందని అది పడే పాటు అది.

పల్లెలో కోళ్లు పెంచిన ఇళ్లవాళ్లకు ఈ చెవి ఉంటుంది. కొక్కెర తెగులు తగిలిన కోడి గురక విని, చీకట్లోనే పోల్చుకునేవాళ్లు. అపార్టుమెంటులో టీవీ చప్పుడు మధ్య ముప్పై అయిదు గ్రాముల పిట్ట ఊపిరి ఎవరికి వినపడుతుంది?

తిత్తులూ గాలీ

బడ్జీ ఆయాసాన్ని మన ఆయాసంలా అనుకోవడం దగ్గరే తప్పటడుగు మొదలవుతుంది. మన ఊపిరితిత్తులు ఉబ్బుతాయి, తగ్గుతాయి. పక్షి ఊపిరితిత్తులు దాదాపు కదలవు. వాటిలోకి గాలిని ఆడించే పని గాలి సంచులది. చాలా పక్షుల్లో ఇవి తొమ్మిది ఉంటాయి. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి చేసే పనే ఇవీ చేస్తాయి. నిప్పు ఒకచోట, ఊదేది మరోచోట. పీల్చిన గాలి మొదట వెనక సంచుల్లోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి, ఆ తర్వాత ముందు సంచుల్లోకి వెళ్లి బయటపడుతుంది. ఒక గుక్క గాలి ఈ ప్రయాణం పూర్తి చేయడానికి రెండు శ్వాసలు పడుతుంది. ఊపిరితిత్తుల గుండా గాలి ఎప్పుడూ ఒకే దిశలో సాగుతుంది కాబట్టి, పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ కూడా అక్కడ తాజా గాలే ఉంటుంది. ఎగరడానికి అంత ఆక్సిజన్ కావాలి మరి.

ఈ గొప్ప ఏర్పాటే ఇంట్లో దానికి శత్రువవుతుంది. ఆక్సిజన్ ఎంత బాగా ఒంటికి పడుతుందో, గాలిలోని విషమూ అంత బాగా పడుతుంది. మనకు ముక్కు దురద పెట్టేంత పొగ దాన్ని పడగొట్టగలదు.

ఇంకో రెండు సంగతులు కూడా ఈ నిర్మాణం నుంచే వస్తాయి. పక్షికి మనలా ఛాతీకీ పొట్టకీ మధ్య ఉదరవితానం లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ ఆడితేనే దానికి శ్వాస. పిల్లలు ముద్దుగా గుప్పిట్లో బిగించి పట్టుకుంటే, ముక్కు తెరిచే ఉన్నా సరే, ఊపిరాడక చచ్చిపోతుంది. రెండోది, గాలి సంచుల గోడల్లో రక్తనాళాలు చాలా తక్కువ. అక్కడ చేరిన సూక్ష్మజీవుల దగ్గరికి మందు రక్తం ద్వారా సరిగ్గా చేరదు. అందుకే పక్షుల డాక్టర్లు మాత్రలూ సూదులతోపాటు నెబ్యులైజర్ పెడతారు, మందును సన్నటి ఆవిరి తుంపరగా మార్చి పీల్పిస్తారు.

వంటింటి పక్కన పంజరం

మన ఫ్లాట్లలో పంజరం వేలాడేది ఎక్కువగా వంటింటి వెనక వాష్ ఏరియాలో. పొట్టు అక్కడ రాలితే ఊడ్చుకోవడం తేలిక. బడ్జీకి ఇంతకంటే చెడ్డచోటు ఇంట్లో మరోటి లేదు.

ముందు నాన్‌స్టిక్ పెనం సంగతి. దాని మీది పూత పీటీఎఫ్ఈ అనే పదార్థం. 1938లో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త వేరే ప్రయోగం చేస్తుంటే అనుకోకుండా దొరికింది, టెఫ్లాన్ పేరుతో లోకమంతా వ్యాపించింది. మామూలు వంట వేడికి దానితో పేచీ లేదు. ఖాళీ పెనం పెద్ద మంట మీద మరీ కాగి సుమారు 260 డిగ్రీలు దాటితే పూత విచ్ఛిన్నమవడం మొదలవుతుంది. అప్పుడొచ్చే వాయువులకు మనకు తెలిసేంత వాసనా ఉండదు, పొగా ఉండకపోవచ్చు. పిట్ట ఊపిరితిత్తుల్లో మాత్రం రక్తస్రావమవుతుంది. ముక్కు తెరిచి కొట్టుకుని నిమిషాల్లో కర్రమీద నుంచి పడిపోతుంది. పక్క గదిలో ఉన్న పక్షులు కూడా పోయిన సందర్భాలున్నాయి. ఇలాంటప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేంత వ్యవధి చాలాసార్లు దొరకదు, దొరికినా బతికేవి తక్కువ. పక్షులున్న ఇళ్లలో జాగ్రత్త అని తయారీదారులే చెబుతున్నారు. మనం దోశల పెనాన్ని ఎలా వాడతామో గుర్తు చేసుకోండి. స్టవ్ మీద ఖాళీ పెనం పెట్టి, నీళ్లు చిలకరిస్తే చుయ్యిమనేదాకా కాగనిస్తాం. ఈలోపు ఫోన్ మోగుతుంది. ఇండక్షన్ స్టవ్ అయితే ఆ వేడి మరీ త్వరగా ఎక్కుతుంది. బడ్జీ ఉన్న ఇంట్లో ఇనప పెనం తప్ప మరోటి వద్దని నేను గట్టిగానే చెబుతాను. దోశ కూడా దాని మీదే బాగా కాలుతుంది. ఎయిర్ ఫ్రయర్ల లోపలి గిన్నెల్లో, కొన్ని ఇస్త్రీ పెట్టెల అడుగున కూడా ఇదే పూత ఉంటుంది.

నాన్‌స్టిక్ ఒక్కసారిగా చంపుతుంది. మిగతావి నెమ్మదిగా. ఎండుమిర్చి పోపు ఘాటుకు మనమే తుమ్మి దగ్గుతాం. అది ఎక్కడికి పోగలదు? అగరొత్తులు, సాంబ్రాణి, కర్పూరం, దోమల కాయిల్, ఫినాయిల్, రూమ్ ఫ్రెషనర్, గోడలకు కొత్త రంగులు, ఒంటికి కొట్టుకునే స్ప్రేలు, అన్నీ ఆ చిన్న గాలి సంచుల్లోకే. పూజ మానేయమనడం లేదు. పూజగది ఒక మూల, పంజరం ఇంకో మూల ఉండేలా చూసుకోవచ్చు కదా. దోమలకు కాయిల్ బదులు కిటికీకి జాలీ, పంజరం మీద దోమతెర సరిపోతాయి. దీపావళి రాత్రీ, భోగి తెల్లవారుజామునా పంజరాన్ని వీధి వైపు గదిలో నుంచి తీసేసి, తలుపులూ కిటికీలూ మూసిన లోపలి గదిలో పెట్టాలి.

ఉత్త కొర్రలు

ఆయాసంతో వచ్చిన బడ్జీకి జబ్బు ఊపిరితిత్తుల్లోనే ఉండాలని లేదు. ఇది చాలామందిని ఆశ్చర్యపరిచే విషయం. కారణం దాని గిన్నెలో ఉండొచ్చు.

తెలుగు ఇళ్లలో బడ్జీ తిండి అంటే కొర్రలు. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా అవే. షుగరు తగ్గుతుందని మనమూ ఈ మధ్య కొర్రన్నం మీద పడ్డాం గానీ, పక్కన పప్పూ కూరా లేకుండా తింటున్నామా? ఉత్త గింజల మీద బతికే బడ్జీకి అయోడిన్ అందదు. అయోడిన్ లేకపోతే థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. పక్షిలో ఆ గ్రంథి మెడ కింద, ఛాతీ మొదట్లో, శ్వాసనాళం పక్కనే ఉంటుంది. వాచిన గ్రంథి నాళాన్ని నొక్కేస్తుంది. గొంతులోంచి కీచుమని చప్పుడు, శ్వాసకో ‘టిక్’, తిన్న గింజలు కక్కుకోవడం మొదలవుతాయి. బయటికి గడ్డ కనిపించదు కాబట్టి ఇంట్లోవాళ్లు జలుబనుకుంటారు. పెంపుడు పక్షుల్లో ఈ గాయిటర్‌కు బడ్జీయే పెట్టింది పేరు. సరిగ్గా పోల్చుకుంటే దీనంత తేలిగ్గా తగ్గే జబ్బు లేదు. డాక్టరు కొలత చెప్పి ఇచ్చే అయోడిన్ చుక్కలతో చాలా పిట్టలు త్వరగానే తేరుకుంటాయి. అంతమాత్రాన గాయాలకు పూసే అయోడిన్ సీసా తెచ్చి నీళ్లలో పోయకండి. ఎక్కువైనా ముప్పే.

విటమిన్ ‘ఎ’ మరో లోటు. అది లేకపోతే ముక్కు, గొంతు, సైనస్‌ల లోపలి పొర గట్టిపడి పొలుసులు కడుతుంది, సూక్ష్మజీవులకు దారి తెరుచుకుంటుంది. దీనికి మందు సీసాల్లో కాదు, మన పెరట్లో ఉంది. మునగాకు, కొత్తిమీర, పాలకూర, తురిమిన క్యారెట్, ఎర్ర క్యాప్సికమ్. గింజలకు అలవాటుపడ్డ పిట్ట మొదట్లో వీటి వంక చూడదు. బాగా కడిగిన కొత్తిమీర కట్టను తడిగానే పంజరం ఊచకు కడితే, ముందు ఆ తడి ఆకుల్లో ఒళ్లు తడుపుకుంటుంది. కొన్నాళ్లకు కొరుకుతుంది. తినేదాకా గింజలు మాన్పించి మాడ్చడం మాత్రం ప్రాణాంతకం, ఆ ఒంటికి ఒక్కరోజు పస్తు కూడా ఎక్కువే. అవకాడో వాసన కూడా తగలనివ్వొద్దు, అది పక్షులకు విషం.

గింజల నాణ్యత ఇంకో కథ. వానాకాలం గోనె సంచిలో మిగిలిన కొర్రలు ముక్క వాసన వేస్తాయి. పంజరం అడుగు కాగితం తడిసి రోజుల తరబడి అలాగే ఉంటుంది. అక్కడ పుట్టే ఆస్పర్‌జిల్లస్ బూజు రేణువులు గాలి సంచుల్లో చేరి అక్కడే పెరుగుతాయి. మొదటి గుర్తు చాలాసార్లు గొంతు మారడమే. పక్షుల్లో స్వరపేటిక గొంతులో ఉండదు, శ్వాసనాళం రెండుగా చీలేచోట ఉంటుంది. బూజు అక్కడ గూడు కట్టడానికి ఇష్టపడుతుంది. దీని వైద్యం వారాలు, నెలలు సాగుతుంది, గెలుపు ఖాయం కాదు. కొర్రలు కొద్దికొద్దిగా కొనుక్కుని, పొడి డబ్బాలో పోసుకుని, అడుగు కాగితం రోజూ మార్చడం ఎంత చవక!

ఆయాసానికి ఇంకా కారణాలున్నాయి. ముక్కు చుట్టూ తెల్లగా, చిన్న చిన్న బెజ్జాలతో పెచ్చు కడితే అది పొలుసు పురుగు. ముదిరితే ముక్కు రంధ్రాలను మూసేస్తుంది. డాక్టరు చర్మం మీద వేసే ఐవర్‌మెక్టిన్ చుక్కతో పోతుంది. కొబ్బరినూనె, కిరోసిన్ పూస్తే ఈకలు అట్టకట్టి చలికి వణుకుతుంది. బాగా బలిసిన పిట్టకు కొవ్వే బరువు. బడ్జీల్లో కణుతులు ఎక్కువ, పొట్టలో పెరిగిన కణితి గాలి సంచులను పైకి నొక్కి ఆయాసం తెస్తుంది. ముక్కు మొదట్లో నున్నగా ఉండే భాగం గోధుమరంగులో ఉంటే అది ఆడది. అలాంటిది అడుగున కూర్చుని ముక్కుతూ రొప్పుతుంటే గుడ్డు అడ్డం పడిందేమో చూడాలి. అది గంటల్లో చూపించాల్సిన అత్యవసరం.

మరి మే నెలలో ఎండ నలభై రెండు దాటినప్పుడు బడ్జీలన్నీ నోరు తెరుస్తాయి కదా? తెరుస్తాయి. వాటికి చెమట పట్టదు, రొప్పుతూనే వేడి తగ్గించుకుంటాయి. నీడలోకి మార్చి, నీళ్లు చిలకరించి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఉంచితే కాసేపట్లో ముక్కు మూసి మామూలవుతాయి. చల్లబడ్డాక కూడా తోక ఊగుతుంటే అది ఎండ పని కాదు.

ఆసుపత్రికి చేరేలోపు

ముందుగా, పట్టుకోవద్దు. ఊపిరాడని పిట్టను చేతిలోకి తీసుకుంటే ఆ భయానికే పోవచ్చు. పంజరాన్ని పొగ, వాసన లేని గదిలోకి మార్చి మూడు వైపులా తువ్వాలు కప్పాలి. ఎండదెబ్బ కాకపోతే వెచ్చదనం కావాలి, సుమారు 30 డిగ్రీలు. పంజరం బయట ఒక పక్క నలభై వాట్ల పాత బల్బు పెడితే చాలు. ఒక పక్కే ఎందుకంటే, వేడి ఎక్కువనిపిస్తే అది రెండో వైపుకి జరగగలగాలి. కూర్చునే కర్రను కిందికి దించి, గింజలూ నీళ్లూ అందేలా పక్కనే పెట్టాలి. ఇంతే మన పని.

చేయకూడనివి మాత్రం చాలా ఉన్నాయి. ఎందుకంటే మనవాళ్లకు చేతివైద్యం మీద మహా నమ్మకం. విక్స్, అమృతాంజనం దరిదాపులకు తేవద్దు. మిరియాల కషాయం, తులసి రసం డ్రాపరుతో నోట్లో పోయొద్దు. రొప్పుతున్న పిట్ట నోట్లో పోసింది నేరుగా శ్వాసనాళంలోకే వెళ్తుంది. ఇక షాపులో పొట్లం కట్టి ఇచ్చే పసుపు పొడి. నీళ్లలో కలపమంటారు. అది చాలావరకు కోళ్లకు వాడే యాంటీబయాటిక్. ఎడారి గాలికి అలవాటుపడ్డ ఈ పిట్ట రోజంతా తాగేదే కొన్ని మిల్లీలీటర్లు. జబ్బు పడితే ఇంకా తగ్గిస్తుంది, నీళ్లు చేదెక్కితే అసలే ముట్టదు. ఒంట్లోకి ఎంత మందు వెళ్లిందో దేవుడికే ఎరుక. సూక్ష్మజీవి చావదు, పరీక్షలో మాత్రం దొరక్కుండా పోతుంది.

బడ్జీని నిజంగా చూడగల డాక్టరు దొరకడమే అసలు కష్టం. మన పశువైద్యంలో ఆవులు, గేదెలు, కోళ్లదే సింహభాగం. నగరాల్లో కుక్కలు, పిల్లులు. ముప్పై అయిదు గ్రాముల ప్రాణికి సూది వేయడం వేరే విద్య. తెలంగాణలో రాజేంద్రనగర్, ఆంధ్రలో తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడిగి చూడొచ్చు. ఏ క్లినిక్‌కైనా వెళ్లేముందు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: పక్షులను చూస్తారా, ఆక్సిజన్ ఉందా? పక్షి తెలిసిన డాక్టరు ఆయాసంతో వచ్చిన పిట్టను వెంటనే పట్టుకోరు. ముందు ఆక్సిజన్ పెట్టెలో ఉంచి, దూరం నుంచి చూస్తూ మిమ్మల్ని ప్రశ్నలడుగుతారు. అది తేరుకున్నాకే క్షణాల్లో పరీక్ష ముగిస్తారు. గబుక్కున పట్టి, వెల్లకిలా తిప్పి, సూది పొడవబోతుంటే ‘‘కాసేపు ఆక్సిజన్ పెడతారా సార్’’ అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంట్లో తోక ఊగుతుండగా ఫోన్‌లో తీసిన వీడియో వెంట ఉండాలి. క్లినిక్‌లో అది మళ్లీ నటిస్తుంది. అడుగున పరిచిన కాగితం రెట్టతో సహా, తినే గింజలు ఓ గుప్పెడు, వాడిన మందుల పొట్లాలు కూడా పట్టుకెళ్లండి. బరువు రాసుకున్న చీటీ ఉంటే మరీ మంచిది. బంగారం తూచినంత అక్కర్లేదు, వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు చాలు. వారానికోసారి పొద్దున్నే తూచండి. ముప్పై అయిదు గ్రాముల పిట్ట మూడు నాలుగు గ్రాములు తగ్గిందంటే ఒంట్లో పదో వంతు పోయినట్టు. ఈకల కింద అది కంటికి కనిపించదు. డాక్సీసైక్లిన్ లాంటి మందు రాస్తే, అది వాడినన్నాళ్లూ సముద్రపు నురుగు, కాల్షియం ముద్దలు పంజరంలోంచి తీసెయ్యాలేమో అడగండి. కాల్షియం ఆ మందును కట్టిపడేస్తుంది. నాలుగో రోజుకే పిట్ట హుషారైందని మందు ఆపేయడం మనకు అలవాటు. కొన్ని జబ్బుల్లో వారాల తరబడి వాడితే గానీ పని కాదు.

వాటిలో ఒకటి మన జబ్బు కూడా. క్లామీడియా సిటాసి అనే బ్యాక్టీరియా వల్ల చిలుక జాతి పక్షులకొచ్చే సిటకోసిస్ మనుషులకూ అంటుకుంటుంది. 1929-30లో అమెరికా, ఐరోపా దేశాల్లో దక్షిణ అమెరికా చిలుకల ద్వారా పాకి ప్రాణాలు తీసింది. పిట్టకు ఆయాసం, పచ్చటి రెట్ట, కళ్లలో నీరు. మనిషికి జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు, ఒక్కోసారి న్యుమోనియా. ఎండిన రెట్ట దుమ్ము ముక్కులోకి వెళ్తే వస్తుంది. పంజరం శుభ్రం చేసేముందు కాగితం మీద నీళ్లు చల్లి, మాస్కు కట్టుకోవాలి. కొత్త పిట్టను తెస్తే కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచాలి. జత పోయిన పిట్ట దిగులుపడుతుందని సాయంత్రానికే సంతనుంచి మరోదాన్ని తెచ్చి అదే పంజరంలో వదలడం ఎంత ప్రేమతో చేసినా ప్రమాదమే. చనిపోయినదాన్ని కవర్లో చుట్టి ఫ్రిజ్ కింది అరలో, తినే వస్తువులకు దూరంగా ఉంచి, మర్నాడు పశువైద్య కళాశాలలో పోస్టుమార్టం చేయిస్తే రెండో పిట్ట బతకొచ్చు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే పరీక్షకు పనికిరాకుండా పోతుంది.

ఇన్‌ఫెక్షన్ ఏమీ లేకపోయినా, ఏళ్ల తరబడి ఈకల దుమ్ము, రెట్ట దుమ్ము పీల్చినవాళ్లలో కొందరి ఊపిరితిత్తులు ఎదురు తిరిగి, మెట్లెక్కితే ఆయాసం, తగ్గని దగ్గు పట్టుకుంటాయి. ఇంట్లో తాతయ్యకో నానమ్మకో అలాంటి దగ్గు ఉంటే, ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్లు మార్చుకుంటూ పోయేముందు, ఇంట్లో పక్షులున్నాయని డాక్టరుకు చెప్పండి. ఆయన అడగకపోవచ్చు.